పొలానికి విడదీసే చిన్న రైఫిల్: పాయింట్ 22 టేక్‌డౌన్ కొనే ముందు తెలుసుకోవాల్సినవి

అమెరికాలో ఉద్యోగం చేసుకుంటూనే ఊరి బయట ఐదెకరాలో పదెకరాలో కొని, జీవామృతం కలుపుకుంటూ, కూరగాయలు, నాలుగు కోళ్ళు పెట్టుకున్న మన తెలుగువాళ్ళకి మొదటి ఏడాదే ఎదురయ్యే తలనొప్పి పురుగు కాదు, రకూన్. కోళ్ళగూటి గొళ్ళెం మనిషి తీసినట్టే తీస్తుంది. తెల్లారేసరికి గూట్లో ఈకలే మిగులుతాయి. పగలేమో గ్రౌండ్‌హాగ్ వచ్చి చిక్కుడు వరసలు మొదలంటా కోసేస్తుంది. పక్క పొలం రైతుని అడిగితే ఒకటే మాట అంటాడు: "ఒక ట్వెంటీటూ కొనుక్కో."

ఆ ట్వెంటీటూ రైఫిళ్ళలోనే రెండు ముక్కలుగా విడదీసి సంచిలో పెట్టుకునే రకం ఉంది. దాన్ని టేక్‌డౌన్ అంటారు. పై వీడియోలో ఎలా విప్పుతారో, ఎలా బిగిస్తారో చూపించాం. ఏది ఎవరికి పనికొస్తుంది, ఎవరు అసలు ముట్టుకోకూడదు, మన భూమికి దానివల్ల వచ్చే చిక్కేమిటి అనేవి వీడియోలో వివరంగా చెప్పడానికి కుదరలేదు. అవి ఇక్కడ రాస్తున్నాను.

ముందుగా ఒక మాట. కోళ్ళగూటికి అరంగుళం కన్నాల గట్టి ఇనుప జాలీ, రకూన్ వేళ్ళకి లొంగని కొక్కెం, చుట్టూ ఎలక్ట్రిక్ నెట్ కంచె, కాపలా కుక్క - ఇవి లేకుండా తుపాకీ కొంటే రోజూ రాత్రి మేలుకోవాల్సిందే. ఒక రకూన్ పోతే ఇంకోటి వస్తుంది, గొళ్ళెం మాత్రం అదే కదా! గద్దలు, గుడ్లగూబల జోలికైతే అసలు పోకూడదు. 1918 నాటి వలస పక్షుల చట్టం కింద వాటికి అక్కడ రక్షణ ఉంది. పైగా ఎలుకల పని పట్టేది అవే. మన జెర్రిపోతు లాంటిదే అక్కడ బ్లాక్ రాట్ స్నేక్. అప్పుడప్పుడు ఒక గుడ్డు మింగినా, అది తినే ఎలుకలను లెక్కేస్తే మనకే లాభం.

మరి రైఫిల్ దేనికి? బోనులో పడ్డ జంతువును బాధ లేకుండా ముగించడానికి. పట్టుకున్న రకూన్‌ని తీసుకెళ్ళి వేరేచోట వదలడం చాలా రాష్ట్రాల్లో నిషేధం, ఎందుకంటే రేబిస్ పాకుతుంది. పట్టపగలు తూలుతూ మీదికి వచ్చే రకూన్, స్కంక్ లాంటి వాటి కోసం కూడా ఇది కావాలి. ఇక్కడ ఒక సంగతి గుర్తు పెట్టుకోండి. అలాంటి జంతువు మనిషినో కుక్కనో కరిచి ఉంటే తలమీద కాల్చకూడదు. రేబిస్ పరీక్ష మెదడు తీసి చేస్తారు, తల పాడైతే పరీక్షే కుదరదు. ఇవి కాక సీజన్లో కుందేలు, ఉడుత వేటకి లైసెన్సు తీసుకుని వెళ్ళేవాళ్ళు కూడా దీన్నే వాడతారు.

పాయింట్ 22 అంటే ఏమిటి

పాయింట్ 22 ఎల్ఆర్ తూటా 1887 నుంచి ఉంది. దీన్ని రిమ్‌ఫైర్ అంటారు. పెద్ద తూటాలకు అడుగున మధ్యలో ఒక చిన్న ప్రైమర్ ఉంటుంది. దీనికి అలా ఉండదు, అంటుకునే మందు అంచు లోపల చుట్టూ పూసి ఉంటుంది. రైఫిల్ లోపలి సూది ఆ అంచుని నొక్కితే పేలుతుంది. అందుకే ఇది చవక, చిన్నది, భుజానికి దెబ్బ తగలదు. కానీ ఒకసారి వాడిన ఖాళీ తూటాని మళ్ళీ నింపుకోలేం. అంచులో మందు సమంగా పరుచుకోకపోతే అప్పుడప్పుడు పేలకుండా ఉండిపోతుంది కూడా. అలా అయితే వెంటనే తెరిచి చూడకండి. గొట్టాన్ని నేలవైపు సురక్షితంగా పట్టుకుని అర నిమిషం ఆగి, అప్పుడు తీయాలి.

మామూలు గుండు బరువు 40 గ్రెయిన్లు, అంటే సుమారు 2.6 గ్రాములు. కుందేలు సైజు జంతువుకి 50 గజాల వరకు సరిపోతుంది. అంతకు మించి దీన్ని నమ్ముకోవద్దు. అడవిపందికి ఇది చాలదు. టెక్సాస్‌లో పొలం ఉన్నవాళ్ళకి పందుల బెడద బాగా తెలుసు. పందిని పాయింట్ 22తో కొడితే గాయంతో పొదల్లోకి పోయి రోజుల తరబడి నరకం పడుతుంది, లేదా మనమీదికి తిరుగుతుంది. కొయోట్ సంగతీ అంతే. వాటికి పెద్ద రైఫిల్, పెద్ద బోనులు కావాలి. అది వేరే సబ్జెక్టు.

చిన్న తూటా కదా అని తేలిగ్గా తీసుకునేవాళ్ళు ఇంకొకటి మర్చిపోతారు. గురి తప్పిన గుండు మైలున్నర దూరం, అంటే దాదాపు రెండున్నర కిలోమీటర్ల వరకు పోగలదు. రాయి మీద, గట్టి నేల మీద, చెరువు నీళ్ళ మీద పడితే జారి పక్కకి లేస్తుంది. వెనక మట్టి గట్టు లేకుండా ఎప్పుడూ కాల్చకూడదు. చెట్టు కొమ్మ మీది ఉడుత వెనక ఆకాశం తప్ప ఏమీ ఉండదు, కాబట్టి అది కాల్చే చోటే కాదు. చెట్టు మానుకి ఆనుకుని ఉంటే అప్పుడు ఆలోచించండి. పదెకరాల పొలంలో ఎటు తిరిగినా అటువైపు ఎవరో ఒకరి ఇల్లు ఉంటుంది.

ఏ రకం ఎవరికి

టేక్‌డౌన్ మీకు కావాలా అన్నది మొదటి ప్రశ్న. ఇంటి దగ్గరే ఉండి, ఇంటి దగ్గరే వాడేటట్టయితే ఒంటి ముక్క రైఫిలే మంచిది. చవక, గురి నిలకడగా ఉంటుంది. ట్రాక్టర్ సీటు వెనక, ఫోర్ వీలర్ పెట్టెలో, వీపు సంచిలో తిప్పాలి అంటే, లేదా వారాంతాల్లో కొండలు, అడవుల్లో రోజుల తరబడి నడిచే అలవాటు ఉంటే విడదీసేది అక్కరకొస్తుంది.

రూగర్ కంపెనీ 10/22 రైఫిల్ 1964లో వచ్చింది. అక్కడి పల్లెల్లో ఎక్కడ చూసినా కనిపించే తుపాకీల్లో ఇదొకటి. దాని టేక్‌డౌన్ రూపం 2012లో వచ్చింది. బరువు సుమారు 2.1 కిలోలు. మ్యాగజైన్‌లో 10 తూటాలు గుండ్రంగా తిరుగుతూ కూర్చుంటాయి, బయటికి పొడుచుకు రాదు. విప్పడానికి పనిముట్లు అక్కర్లేదు. ముందు మ్యాగజైన్ తీయాలి, బోల్టు వెనక్కి లాగి లాక్ చేయాలి, గొట్టంలో తూటా లేదని కంటితో చూసి, వేలితో తడిమి చూసుకోవాలి. ఆ తరవాత లోపలికి ఉన్న చిన్న మీట నొక్కి మెలితిప్పితే రెండు ముక్కలవుతుంది. పొడవైన ముక్క కూడా ఇంచుమించు 20 అంగుళాలే. దీనికి విడిభాగాలు ఏ ఊళ్ళో అయినా దొరుకుతాయి. పొలానికి ఒక్కటే తీసుకోవాలంటే నా ఓటు దీనికే.

హెన్రీ కంపెనీ ఏఆర్-7 కథ వేరు. 1950లలో అమెరికా వైమానిక దళం, విమానం కూలితే పైలట్ అడవిలో తిండి సంపాదించుకోవడానికని ఒక చిన్న రైఫిల్ అడిగింది. ఆర్మలైట్ కంపెనీ అలా చేసిందే ఏఆర్-5. దాని నుంచి మామూలు జనం కోసం 1959లో ఏఆర్-7 వచ్చింది. ఎం-16కి మూలమైన రైఫిల్‌ని రూపొందించిన యూజీన్ స్టోనరే దీన్నీ రూపొందించాడు. 1963 నాటి జేమ్స్ బాండ్ సినిమా 'ఫ్రమ్ రష్యా విత్ లవ్'లో పెట్టెలోంచి తీసి బిగించే తుపాకీ ఇదే. దీని గొప్పతనం ఏమిటంటే గొట్టం, లోపలి భాగం, మ్యాగజైన్లు అన్నీ భుజానికి ఆనించే స్టాక్ డొల్లలోనే ఇమిడిపోతాయి. అప్పుడు పొడవు 16.5 అంగుళాలే, బరువు 1.6 కిలోలు. పడవల్లో, చిన్న విమానాల్లో పెట్టుకునేవాళ్ళకి బాగుంటుంది. కానీ లావు స్టాక్, ముతక సైట్లు, తూటాల విషయంలో పేచీ. గుండ్రటి ముక్కు ఉన్న, వేగం ఎక్కువ 40 గ్రెయిన్ తూటాలు వేస్తేనే సరిగ్గా నడుస్తుంది. రోజూ పొలంలో వాడే తుపాకీ కాదిది, అవసరానికి దాచుకునేది.

బ్రౌనింగ్ ఎస్ఏ-22 వీటన్నిటికీ తాత. జాన్ బ్రౌనింగ్ రూపకల్పన, బెల్జియంలో ఎఫ్ఎన్ కంపెనీ 1914లో మొదలుపెట్టింది. ఖాళీ తూటాలు కిందికి పడతాయి, అందువల్ల ఎడమచేతి వాటం వాళ్ళకీ ముఖం మీద ఏమీ చిట్లదు. అందంగా ఉంటుంది, ఖరీదూ అలాగే ఉంటుంది. తూటాలు స్టాక్ లోపలి గొట్టంలో ఉంటాయి కాబట్టి తీసి చూపించడానికి మ్యాగజైన్ ఉండదు. ఖాళీ చేశాం అనుకున్నా ఒకటి లోపల ఉండిపోవచ్చు. పిల్లలున్న ఇంట్లో నేనైతే దీన్ని వద్దంటాను.

కియాప్పా లిటిల్ బ్యాడ్జర్ విడదీసేది కాదు, మధ్యకి మడిచేది. ఒక్క తూటానే పడుతుంది. 1.3 కిలోలు. ప్రతిసారీ తెరిచి, తూటా పెట్టి, మూసి, గురి చూడాలి. ఇదొక లోపం అంటారు కానీ నేర్చుకునేవాళ్ళకి అదే మేలు. బోను దగ్గరి పనికి ఒక్క తూటా చాలు.

వీటి గొట్టాలేవీ 16 అంగుళాలకు తగ్గకుండా ఎందుకుంటాయి అంటే, 1934 నాటి ఫెడరల్ చట్టం రైఫిల్ గొట్టం 16 అంగుళాలకు, బిగించిన మొత్తం పొడవు 26 అంగుళాలకు తగ్గితే వేరే కట్టుదిట్టాలు పెట్టింది. సంచిలో ఇంకా బాగా పడుతుందని గొట్టం కోయించుకుంటే పెద్ద నేరం అవుతుంది.

విడదీసి బిగిస్తే గురి తప్పుతుందా అన్నది సహజమైన అనుమానం. గురి చూసే రెండు సైట్లూ గొట్టం మీదే ఉంటే తప్పదు, ఎందుకంటే గొట్టం ఎలా కూర్చున్నా సైట్లు దాంతోనే కదులుతాయి. రూగర్ టేక్‌డౌన్‌కి వచ్చే ఇనుప సైట్లు అలాగే ఉంటాయి. ఏఆర్-7కి ముందుది గొట్టం మీద, వెనకది వెనక ముక్క మీద. అక్కడ బిగింపులో తేడా వస్తే గుండు పక్కకి పోతుంది. వెనక ముక్క మీద టెలిస్కోప్ పెట్టుకున్నా అదే సమస్య. రూగర్‌కి అతుకు దగ్గర బిగుతు సరిచేసే ఒక రింగు ఉంటుంది, మొదటిసారే దాన్ని సరిగ్గా పెట్టుకోవాలి. ఏదైనా సరే, బిగించాక 25 గజాల్లో కాగితం మీద మూడు తూటాలు కాల్చి చూసుకోకుండా జంతువు మీద గురిపెట్టవద్దు.

సీసం సంగతి

మనలాంటి వాళ్ళు ఆగి ఆలోచించాల్సింది ఇక్కడ. ఎలుకల మందు వద్దనుకుంటాం. బ్రోడిఫాకమ్ లాంటి మందు తిన్న ఎలుకను గుడ్లగూబ తింటే అదీ చస్తుంది. అమెరికా ఆర్గానిక్ నిబంధనలు కూడా అలాంటి మందుల్ని ఒప్పుకోవు. బాగానే ఉంది. కానీ మామూలు పాయింట్ 22 గుండు మొత్తం సీసమే. అది జంతువు ఒంట్లో చిన్న చిన్న ముక్కలుగా చెదురుతుంది. కాల్చిన గ్రౌండ్‌హాగ్‌ని గట్టు మీద వదిలేస్తే రాబందు, డేగ వచ్చి మాంసంతోపాటు ఆ ముక్కలూ మింగుతాయి. మన దగ్గర పశువులకు వేసిన డైక్లోఫెనాక్ కళేబరాల ద్వారా రాబందుల్ని ఎలా తుడిచిపెట్టిందో, 2006లో పశువుల వాడకానికి దాన్ని ఎందుకు ఆపాల్సి వచ్చిందో రైతులకి గుర్తుండే ఉంటుంది. సీసం కూడా అదే దారిలో పోతుంది. కాలిఫోర్నియాలో కాండర్ రాబందులు ఇలా చనిపోతున్నాయనే పోరాటం మొదలై, చివరికి 2019 జులై 1 నుంచి ఆ రాష్ట్రంలో ఏ అడవి జంతువుని కాల్చడానికైనా సీసం తూటాలు నిషేధించారు.

కోళ్ళు, బాతులు ఉన్నవాళ్ళకి ఇంకో ప్రమాదం ఉంది. కోడి గింజలు నూరుకోవడానికి చిన్న రాళ్ళు ఏరుకుని మింగుతుంది కదా! గురి సాధన చేసిన చోట పడ్డ సీసం ముక్క కూడా దానికి రాయే. అది కడుపులో రాళ్ళతోపాటు అరిగి రక్తంలో కలుస్తుంది, గుడ్డులోకి వస్తుంది. కాబట్టి గురి సాధన కోళ్ళు తిరిగే చోట, కూరగాయల మళ్ళలో, బావి దగ్గర అస్సలు వద్దు. ఒక చెక్కపెట్టెలో ఇసుక గట్టిగా నింపి, గుళ్ళు అందులోనే ఉండిపోయేలా చేసి, ఏడాదికోసారి జల్లించి సీసం తీసేయండి. కాల్చాక చేతులు సబ్బుతో కడుక్కునే దాకా మొక్కలు, తిండి ముట్టుకోవద్దు. తూటా అంచులోని ప్రైమర్ మందులో కూడా సాధారణంగా సీసం ఉంటుంది.

సీసం లేని రాగి తూటాలు దొరుకుతాయి. సీసీఐ కంపెనీ రాగిది 21 గ్రెయిన్లే, మామూలు దానిలో సగం బరువు. ధర ఎక్కువ. గుండు తేలిక కావడంతో తగిలే చోటు మారుతుంది, కొన్ని రైఫిళ్ళలో వరసగా నడవకపోవచ్చు. ఒక పెట్టె కొని మీ రైఫిల్లో పరీక్షించి, దానికే సైట్లు సర్దుకోండి. పొలంలో ఏడాదికి పేలేది పది పదిహేను తూటాలైనప్పుడు ధర పెద్ద లెక్క కాదు. సీసం గుండుతో కాల్చినదాన్ని మాత్రం బయట వదలకుండా లోతుగా పూడ్చండి.

వీసా, తాళం, చట్టం

ఇది చాలామందికి తెలియదు. హెచ్-1బి, హెచ్-4, ఎఫ్-1, విజిటర్ లాంటి తాత్కాలిక వీసాల మీద ఉన్నవాళ్ళు తుపాకీ గాని, ఒక్క తూటా గాని దగ్గర పెట్టుకోవడం అక్కడి ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. చెల్లుబాటులో ఉన్న రాష్ట్ర వేట లైసెన్సు లాంటి కొన్ని మినహాయింపులు ఉన్నాయి. గ్రీన్ కార్డు ఉన్నవాళ్ళకి ఈ అడ్డంకి లేదు. పొలం మీ పేరున ఉందా లేదా అన్నదానితో దీనికి సంబంధం లేదు. షాపులో నింపే ఫారం 4473లో తప్పు రాస్తే అదొక నేరం, వీసా కూడా పోతుంది. ఇండియా నుంచి వచ్చిన మావయ్యగారికి సరదాగా "ఒకసారి పట్టుకోండి" అని పొలంలో చేతికివ్వడం కూడా వద్దు. వీసా లాయర్‌ని అడిగాకే అడుగు వేయండి.

రాష్ట్ర చట్టాలు వేరేగా ఉంటాయి. ఏ జంతువుకి ఏ సీజన్, రాత్రిపూట కాల్చవచ్చా, ఇంటికి ఎంత దూరంలో కాల్చాలి అన్నవి మీ రాష్ట్ర వన్యప్రాణి శాఖ, కౌంటీ ఆఫీసు చెబుతాయి. కొండల్లో తిరిగేవాళ్ళకి: నేషనల్ పార్కుల్లో రాష్ట్ర చట్టం ఒప్పుకుంటే వెంట ఉంచుకోవచ్చు గాని కాల్చకూడదు. నేషనల్ ఫారెస్టుల్లో ఇళ్ళకి, క్యాంపులకి 150 గజాల లోపల కాల్చకూడదు.

రెండు ముక్కలుగా ఉంది కదా, పిల్లలకి ప్రమాదం లేదు అనుకోకండి. వీడియోలో చూశారుగా, బిగించడానికి పట్టేది కొన్ని సెకన్లే. చూసి నేర్చుకునే వయసు పిల్లలు ఒకసారి చూస్తే చాలు. వెనక ముక్క తాళం పెట్టెలో, తూటాలు వేరే తాళంలో ఉండాలి.

ఇక ఆంధ్రా, తెలంగాణ రైతులకి. మన దగ్గర దారి వేరు. 1959 ఆయుధాల చట్టం 13వ సెక్షన్‌లో పంట రక్షణ కోసం చెప్పింది ముందు నుంచి మందు కూరే తుపాకీ. అది చాలదని లైసెన్సు ఇచ్చే అధికారి ఒప్పుకుంటే, 20 అంగుళాలకు తగ్గని గొట్టం ఉన్న నునుపు గొట్టం తుపాకీ. అదే సెక్షన్‌లో రైఫిల్ క్లబ్బు సభ్యులకి తుపాకీ మాట కూడా ఉంది గాని, అది గురి సాధన కోసం, పంట కోసం కాదు. తుపాకీ లైసెన్సు ఉన్నంత మాత్రాన అడవిపందిని కాల్చే హక్కు రాదు. దానికి 1972 వన్యప్రాణి చట్టం 11వ సెక్షన్ కింద అటవీశాఖ అనుమతి విడిగా కావాలి. నెమలిని గురించి ఆలోచించనే వద్దు, అది షెడ్యూల్ 1లో ఉంది. కాబట్టి ఈ వీడియో చూసి ఇక్కడ ఎవరూ టేక్‌డౌన్ కోసం వెతకొద్దని మనవి. మన కంచెల గురించి చేసిన వీడియోలే మీకు పనికొస్తాయి.

అక్కడ ఉండి ఏడాదికోసారి ఇంటికి వచ్చేవాళ్ళకి ఇంకొక్కటి. పొలంలో వాడే వీపు సంచినే విమానం ఎక్కేటప్పుడు వాడకండి. పాయింట్ 22 తూటా చిటికెన వేలి గోరంత లావు కూడా ఉండదు, జేబు అతుకులో ఇరుక్కుంటే కనిపించదు. శంషాబాద్‌లోనో ఢిల్లీలోనో స్కానింగ్‌లో ఒక్క తూటా బయటపడినా ఆయుధాల చట్టం కింద కేసు పెడతారు. సెలవంతా పోలీస్ స్టేషన్, కోర్టు చుట్టూ తిరగడానికే సరిపోతుంది. రైఫిల్‌కి వచ్చిన సంచి రైఫిల్‌కే ఉంచి, ప్రయాణానికి వేరే సంచి పెట్టుకోండి.